తెర ఆపిన కంప్యూటర్

ఆదివారం భోజనమయ్యాక బాబాయి తన పాత కంప్యూటర్ వేగాన్ని పరీక్షిస్తాడు. వృత్తాల లెక్కలో వాడే 'పై' విలువను వెయ్యి అంకెల దాకా కట్టమని దానికి అప్పగించి, చుబుకం కింద చెయ్యి పెట్టుకుని నీరసంగా కూర్చుంటాడు. తెర ఆపేస్తే లెక్క త్వరగా తెములుతుందని దాన్ని నల్లగానే ఉంచుతాడు. ఈసారి మునుపటికన్నా ఆలస్యమైతే పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానని పిన్నికి మాటిచ్చాడు. వాడొచ్చి గుమ్మం బయట నిలబడేసరికి బాబాయి కునుకుతున్నాడు. నల్లటి తెర చూసి పిన్ని, ఇస్త్రీపెట్టె కోసం కంప్యూటర్ ప్లగ్గు పీకేసింది.

బాబాయి కళ్లు తెరిచి, "అది లెక్కలో ఉందే" అన్నాడు.

"పోయిందనుకున్నానండీ. మీరూ అలాగే ఉన్నారు, అదీ అలాగే ఉంది" అంది పిన్ని.

ఆయన నవ్వలేదు, కసరలేదు. ప్లగ్గు పెట్టి, కరెంటు తీయగానే చెరిగిపోయిన ప్రోగ్రామును ఒంటివేలితో మొదటినుంచీ కొట్టసాగాడు. పిన్ని కాసేపు ఆ వేలి వంక చూసి, గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"వచ్చే వారం రా నాయనా. ఇంకా తేలలేదు."