పిట్టను పెట్టమంటే గడ్డి పెట్టింది

ఆమెకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉంది, దాంతో పిలిచేవాళ్ళే లేరు. పుస్తకాల ఆఫీసులో అందరికీ ఆమె బురదమ్మ. అంతరించిపోతున్న పక్షుల బొమ్మలు వేయడం ఆమె పని. ఏ పక్షిని వేయమన్నా ముందు దాని కాళ్ళ కింది బురద వేస్తుంది. తర్వాత నీళ్ళు, ఆ తర్వాత గడ్డి. అన్నీ సర్దాక, చివర్లో పక్షిని కాపురానికి దించుతుంది. మిగతా చిత్రకారులు కంటితోనో ముక్కుతోనో మొదలుపెడతారని ఎంతమంది చెప్పినా వినదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కాకపోతే ఆ మూడు కాళ్ళూ అచ్చం కుందేలు కాళ్ళలాగే వేస్తుంది, అదీ చిక్కు.

బొమ్మల బల్ల వంటింటి కిటికీ పక్కన ఉంటుంది. వెలుతురు అక్కడే బాగా వస్తుంది, అత్తగారి మాటలూ అక్కడికే బాగా వినిపిస్తాయి. అత్తగారి లెక్కలో ప్రపంచంలో రెండే పక్షులు: కాళ్ళు పొడుగుంటే కొంగ, లేకపోతే పిచ్చుక. డేగను చూపిస్తే "పిచ్చుక బాగా ఒళ్ళు చేసిందే" అన్నారు. ఓసారి కుంచె కడిగిన బురదరంగు నీళ్ళను టీ అనుకుని తాగేసి, "కాస్త చక్కెర తగ్గిందమ్మాయ్" అని గ్లాసు పక్కన పెట్టారు. అంత మర్యాదస్తురాలు.

ఆ ఏడాది పుస్తకంలో ఒక అరుదైన పక్షికి ఒక్క పేజీ దక్కింది. కొంగల జాతిదే, గోధుమ రంగు చారలది, జమ్ముగడ్డిలో తప్ప ఎక్కడా బతకదు. భయమేస్తే పారిపోదు. ముక్కు ఆకాశానికెత్తి, మెడ నిక్కించి, గడ్డిపోచల మధ్య తానూ ఒక పోచై నిలబడుతుంది. గాలికి గడ్డి ఊగితే దాంతోపాటు ఊగుతుంది. బస్సుల గ్యారేజీ వెనకున్న మడుగులో బురదమ్మ పొద్దున్నే వెళ్ళి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, దాన్ని కళ్ళు కాయలు కాసేలా చూసింది. చూసింది చూసినట్టు వేసింది. అక్కడే పుట్టి మునిగింది.

పుస్తకాల ఆఫీసు యజమాని బొమ్మను దగ్గర పెట్టుకుని చూశాడు, దూరం పెట్టి చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"పిట్టేదమ్మా?"

"మీ చేతిలోనే ఉందండీ."

"పిట్టను పెట్టమంటే నాకు గడ్డి పెట్టారేంటమ్మా?" అన్నాడు. ఆఫీసంతా గొల్లుమంది. "పుస్తకం కొనేవాడు పిట్ట కోసం కొంటాడు. గడ్డి కావాలంటే ఆవుకి కొనిపెట్టుకుంటాడు. ఆ గడ్డంతా పీకేసి తెల్లకాగితం మీద పిట్టనొక్కదాన్నే వేసివ్వండి. సోమవారానికి రాకపోతే ఆ పేజీ ఎత్తేస్తాను."

"గడ్డి పీకేస్తే అది ఉండదండీ."

"బొమ్మలో ఎందుకుండదమ్మా!"

ఆమె మండిపడుతూ ఇంటికొచ్చింది. తెల్లకాగితం మీద వేయడానికి మనసొప్పదు. వేయకపోతే ఆ పక్షి పుస్తకంలోనే ఉండదు. అత్తగారు బొమ్మ మీదికి వంగి చాలాసేపు వెతికారు. కోడలు వేలు పెట్టి చూపించాక బుగ్గలు నొక్కుకున్నారు.

"ఓసి దీని నిక్కు చూడవే! పక్కనే ఉండి పలకదేం?"

"పలికితే పోతుంది అత్తయ్యా."

"అయితే మీ ఆఫీసాయన ఎందుకు పిలుస్తున్నాడూ?"

కోడలు బొమ్మను చుట్టి పక్కన పెట్టింది. ఇంకోసారి చూస్తే ఏదైనా దారి దొరుకుతుందేమోనని మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గరికి వెళ్ళింది.

జమ్ము లేదు. గ్యారేజీ పెంచడానికని మొదలంటా కోసేశారు. మట్టి లారీలు ఒక పక్కనుంచి మడుగు పూడుస్తున్నాయి. లారీ చక్రం చేసిన గాడి పక్కన, బట్టబయలు నేల మీద, పిట్ట నిలబడి ఉంది. ముక్కు ఆకాశానికెత్తి, మెడ నిక్కించి, తానెవరికీ కనబడటం లేదన్న ధీమాతో ఉంది. పనివాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని దాని చుట్టూ చేరారు.

"మెడ పట్టేసినట్టుందిరా దీనికి!" అన్నాడొకడు.

బురదమ్మకూ నవ్వొచ్చింది. ఎలా రాదు? అంతలో గాలి వీచింది. ఊగడానికి పక్కన ఒక్క పోచ కూడా లేదు. అయినా పిట్ట ఊగింది.

నవ్వు నోట్లో ఉండగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ముక్కు చీదుకుని, మట్టిగడ్డ మీద కూర్చుని కాగితం తీసింది. జీవితంలో మొదటిసారి పక్షితో మొదలుపెట్టింది. వేయడానికి అక్కడ ఇంకేమీ లేదు.

సోమవారం రెండు బొమ్మలూ బల్ల మీద పెట్టింది. యజమాని కొత్తదాన్ని అందుకుని మురిసిపోయాడు.

"బొమ్మంటే ఇదమ్మా! ఎంత బాగా కనబడుతోందో! అవునూ, ఇదేంటి ఆకాశంలోకి చూస్తోంది? వాన కోసమా?"

"దాక్కుందండీ."

"ఎదురుగా నిలబడి దాక్కోవడమేంటి?"

"దానికి తెలీదు కదండీ. మొన్నటిదాకా అక్కడ గడ్డి ఉండేది."

ఆయన కొత్త బొమ్మను బల్ల మీద పెట్టాడు. పాత బొమ్మను దగ్గరికి లాక్కుని, గడ్డిలో వేలు పెట్టి పోచపోచా వెతికాడు. చాలాసేపటికి వేలు ఒకచోట ఆగింది.

"ఓర్నీ, ఇక్కడున్నావా!" అని, వెంటనే ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "మొత్తానికి నాకు గడ్డి పెట్టారమ్మా" అన్నాడు. ఈసారి ఆఫీసులో ఎవరూ నవ్వలేదు.

పుస్తకంలో రెండు బొమ్మలూ ఎదురెదురు పేజీల్లో వచ్చాయి, ఎడమ వైపు గడ్డిలోది, కుడి వైపు బట్టబయలు నేల మీదది. కుడి పేజీ గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఎడమ పేజీ గురించి మాత్రం ఫోన్లు ఆగడం లేదు. ఆ రోజు బురదమ్మ ఇంకో పక్షి తాలూకు బురద చూపించడానికి ఆఫీసుకు వచ్చేసరికి యజమాని ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు.

"ఏంటండీ? ఎడమ పేజీలో పిట్ట అచ్చు కాలేదా? పుస్తకం మార్చివ్వాలా?" ఆయన ఆమెను చూసి, కుర్చీ చూపించి, ఫోన్లో గొంతు తగ్గించాడు. "ఎంత వెతికినా కనబడలేదా? హమ్మయ్య. అలాగే ఉండనివ్వండి."