పది నిమిషాల్లో అయిపోయే సినిమా

నిన్న సినిమా మధ్యలో ప్రకటన రాగానే మా అమ్మాయి టీవీ శబ్దం ఆపేసింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేసరికి, "ఊఁ, ఇప్పుడు సెప్పండి" అని సుగుణత్త గొంతు వినిపిస్తుందేమోనని నేను సర్దుకుని కూర్చున్నాను.

పలమనేరులో మా పక్కిల్లు ఆమెది. మా నాయనకు వరసకు అక్క. ఆవులు పెట్టుకుని పాలు పోసి బతికిన మనిషి. ఆదివారం మధ్యాహ్నం మా వీధంతా ఆమె ఇంట్లోనే సినిమా చూసేది. కానీ ఊరికే చూడనిస్తే కదా! ప్రకటన వస్తే చాలు, శబ్దం ఆపి విచారణ మొదలుపెట్టేది. హీరో సంతలో రౌడీలను చితక్కొట్టాడని మేం చప్పట్లు కొడితే, "టమోటాలన్నీ తొక్కేసినాడే, ఆ రైతు గతేమి?" అనేది. జవాబు చెప్పనివాళ్ళకు వేయించిన చెనక్కాయలు అందేవి కావు.

ఆమె సిద్ధాంతం ఒకటే. "సినిమా మూడు గంటలయ్యేది విలను వల్ల గాదబ్బా. సెప్పాల్సినోళ్ళు గమ్మునుంటారే, దాని వల్ల. ముందే సెప్పింటే పది నిమిషాల్లో అయిపోయిండేది."

ఆ లెక్కన అప్పటికి నా సినిమా చాన్నాళ్ళుగా నడుస్తోంది. తిరుపతిలో నర్సింగ్ సీటు వచ్చిందని అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాయనేమో ఐరాల వాళ్ళను ఒక సోమవారం పెళ్ళిచూపులకు రమ్మన్నాడు.

దానికి ముందురోజు ఆదివారం, తెరమీద ఇష్టంలేని పెళ్ళికి తలవంచిన పిల్లను చూసి నాయన తువ్వాలుతో కళ్ళొత్తుకుంటున్నాడు. ప్రకటన వచ్చింది. అత్త శబ్దం ఆపి నావైపు తిరిగింది.

"నువ్వు సెప్పుమే. ఆ పిల్ల ఇప్పుడేం సేయల్ల?"

"వాళ్ళ నాయనకు సెప్పల్ల."

"ఏమని?"

ఇక ఆగలేకపోయాను. "తిరుపతిలో సీటొచ్చిండాది నాయనా. నాకిప్పుడే పెండ్లొద్దు."

నాయన తెరవైపు చూశాడు, నావైపు చూశాడు. "అక్కా, ఈ ముక్క సినిమాలో ఉండాదా?"

"లేదప్పా, మీ ఇంట్లో ఉండాది."

సినిమా మళ్ళీ మొదలైంది కానీ శబ్దం పెట్టడం ఎవరికీ గుర్తులేదు. అందరూ నాయన ముఖమే చూస్తున్నారు. ఆయన తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, "నన్ను సూస్తే అంత భయమా పాపా నీకు?" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఐరాల వాళ్ళకు ఏం చెప్పాలని ఆయన అడిగితే, "ఉండేది ఉన్నట్టు సెప్పు" అని అత్త ఫోను చేతికిచ్చింది.

నేను నర్సునయ్యాను. అత్త మంచాన పడ్డప్పుడు నేనే చూసుకున్నాను. ఒకరోజు, "నువ్వంటే నాకు ప్రాణం అత్తా" అన్నాను.

"ఇది సెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా?" అని కసిరింది గానీ, నా చెయ్యి వదల్లేదు.

అత్త పోయినప్పటినుంచి మనసులో మాటను నేను దాచుకోవడం లేదు. మొన్న బజారులో బెండకాయలు ఏరుతూ మా ఆయనతో, "మీరంటే నాకు చాలా ఇష్టం" అన్నాను. పాపం, ఆయన బెదిరిపోయి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.