బీరువాకు ఫుల్ సిగ్నల్

మా అత్తవారిది వేములపల్లి. ఆ ఇంట్లో ముందు గది మామయ్యది. పేరుకు హాలు. పొద్దున చాయ్ వేళ నుంచి ఆయన దోస్తులు అక్కడే ఉంటారు, వడ్ల ధర దగ్గర్నుంచి ఊళ్లో ఎవరి పంచాయితీ అయినా ఆ సోఫాల్లోనే తేలాలి. వైఫై డబ్బా కూడా ఆ గదిలోనే బిగించారు. వచ్చినవాళ్లకు కనపడాలి కదా. దాని బిల్లు కట్టేది నేను. నేను పని చేసుకునేది మాత్రం ఇంటి వెనక రేకుల గదిలో.

నా పనంతా మాట్లాడటమే. ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు దవాఖానల నుంచి ఫోన్ చేస్తే, డబ్బు మంజూరైందో లేదో చూసి చెప్పాలి. కాల్స్ ల్యాప్‌టాప్‌లోనే వస్తాయి, నెట్ పోతే మనిషి గొంతు కూడా పోతుంది. అవతల ఎవరో ఏడుస్తూ అడుగుతుంటే మధ్యలో తెగిపోతుంది. హైదరాబాదులో ఉండే మా మేడమ్ కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి మొహం మీదే చెప్పింది. ఈ నెల కూడా ఇట్లాగే కాల్స్ కట్ అయితే నన్ను పెట్టుకోవడం కుదరదని.

ముందు గదిలో ఓ మూలకు బల్ల వేసుకుంటానని అడిగాను. నలుగురు మగవాళ్లు వచ్చిపోయే చోట కోడలు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చుంటుందా అని అత్తమ్మ. ఓ పెద్ద యాంటెన్నా తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని మామయ్య. పోనీ వైరు లాగుదామంటే కొత్తగా రంగేసిన గోడకు బెజ్జం పడుతుందట. మా ఆయన అన్నిటికీ తలూపాడు. ఆ ఇంట్లో నా ఉద్యోగం కంటే గోడ రంగుకే విలువెక్కువని అప్పుడు తెలిసింది.

మా ఆయన సూర్యాపేట పోయినప్పుడు షాపువాడు మూరెడు పొడుగు కడ్డీ యాంటెన్నా అంటగట్టాడు. ఎంత పొడుగైతే అంత సిగ్నల్ అన్నాడట. నేను నెట్‌లో వెతికి చదివితే అసలు సంగతి వేరే. కడ్డీ కొత్తగా సిగ్నల్‌ను పుట్టించదు, చపాతీ ముద్దను వత్తినట్టు పక్కలకు సాగదీస్తుంది. సాగినకొద్దీ పైకి అందేది పలచనవుతుంది. అన్నట్టే నా గదిలో ఒక గీత పెరిగింది, మేడ మీద మా మరిది గదిలో క్రికెట్ ఆగిపోయింది. సాయంత్రానికల్లా వాడు కడ్డీ ఊడదీసి సోఫా కింద పడేశాడు. నెలల తరబడి నా కాల్స్ కట్ అయితే ఎవరికీ పట్టలేదు. వాడి మ్యాచ్ కాసేపు ఆగితే ఇల్లంతా పరేషాన్. నాకు ఒళ్లు మండిపోయింది.

ఈసారి నేనే మిర్యాలగూడ వెళ్లి పలక యాంటెన్నా తెచ్చాను. అది టార్చిలైటు లాంటిది, ఎటు తిప్పితే అటే పోతుంది. మరిది కోసం డబ్బాకున్న రెండు పాత యాంటెన్నా కొమ్ముల్లో ఒకదాన్ని అట్లాగే ఉంచి, రెండోదాని చోట దీన్ని తగిలించి నా గదివైపు తిప్పాను. లాభం లేదు. మధ్యలో పడకగది, అందులో నా గది గోడకు ఆనించి పెద్ద ఇనుప బీరువా. వచ్చే సిగ్నలంతా దానికే తగిలి ఆగిపోతోంది. రెండు మూరలు పక్కకు జరపమన్నాను. నైరుతిలో సిద్ధాంతి చూపించిన చోట పెట్టిన బీరువా, కదిపితే ఇంటికి అరిష్టమట. ఆ మాట చెబుతూ అత్తమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నా ఉద్యోగం పోతుందని చెప్పినప్పుడు ఆ కళ్లు తడవలేదు.

మేడమ్ నా కాల్స్ వింటానన్న రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఒకామె చేసింది. మాటను బట్టి మా పుట్టింటి కోదాడ వైపు మనిషి. భర్తను ఆపరేషన్‌కు తీసుకెళ్లాలంటే ముందు మంజూరు కావాలన్నారట, కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. వచ్చిందని నేను చెబుతూనే ఉన్నాను, ఆమెకు ముక్కలు ముక్కలుగా పోతోంది. వచ్చిందా లేదా చెప్పమ్మా అని మళ్లీ మళ్లీ అడుగుతోంది.

తెరిచిన ల్యాప్‌టాప్ అట్లాగే చేతుల్లో పట్టుకొని లేచాను. పడకగది దాటాను, ఆ బీరువాను దాటాను, ముందు గదిలోకి వచ్చాను. మామయ్య, ఆయన దోస్తులు చాయ్ తాగుతున్నారు. వైఫై డబ్బా కింద కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. మంజూరైంది, ఇక తీసుకెళ్లమనండి అని చెప్పాను. ఈసారి ఆమెకు పూర్తిగా వినపడింది. ఏడుస్తూనే దండాలు చెప్పింది.

కాల్ పెట్టేసేదాకా ఆగాడు మామయ్య. ముఖం కందగడ్డలా ఉంది.

"గిదేం పద్ధతి బిడ్డా? ఇంత మంది కూసున్నరు, కనపడతలేదా? వీళ్లు పోయినంక చేసుకోరాదు?"

"ఇది నా ఆఫీసు టైము మామయ్యా. మీరంతా వెనక రేకుల గదిలో కూర్చోండి. మీ ముచ్చట్లకు సిగ్నల్ అక్కర్లేదు."

తర్వాతి కాల్ మోగింది, ఎత్తాను.

నా ఉద్యోగం నిలబడింది. బల్ల ముందు గదిలోకి వచ్చింది. అత్తమ్మ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది, నాకూ కోపం తగ్గలేదు. పలక యాంటెన్నాను మాత్రం నేను తీయలేదు, ఎవరినీ తీయనివ్వలేదు. పడకగదివైపే తిరిగి ఉంది. ఆ ఇంట్లో అడక్కుండానే అన్నీ అందే బీరువాకు ఫుల్ సిగ్నల్.