నూనెను నమ్మని పెద్దనాన్న

పోయిన నెల ఒక ఉదయం అబిడ్స్‌లోని మా ఆఫీసుకు వెళ్ళి కూర్చున్నానో లేదో, పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెద్దనాయిన లేస్తలేడు" అంది. ఆటో పట్టుకుని నాంపల్లి చేరేసరికి వాకిట్లో చెప్పులు కుప్పగా ఉన్నాయి. నిద్రలోనే గుండె ఆగిందని పక్క వీధి డాక్టరు చూసి చెప్పి వెళ్ళాడట. ఏ మాటనూ ఒకసారి విని నమ్మని మనిషి, ఎవరినీ ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

వచ్చినవాళ్ళలో మా మేనత్త ఒకామె గోడకు ఆనుకుని కూర్చుని, "ఇన్నేండ్లు ఆకులు అలములు తిని ఏం బాగుపడ్డట్టు?" అంది. అక్కడ చాలామంది మనసులో ఆ అనుమానమే ఉంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో తిరుగుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్నకు స్వంత అన్న ఆయన. రైల్వే టికెట్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాడు. పిల్లలు లేరు. నేను డిగ్రీ చదవడానికి ఊరి నుంచి వచ్చి, ఉద్యోగం వచ్చాక కూడా పెళ్ళయ్యేదాకా వాళ్ళింట్లోనే ఉండిపోయాను. కౌంటర్లో ప్రతి నోటునూ వెలుతురుకు పెట్టి చూసిన అలవాటు ఆయన్ను ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. పాలు, పసుపు, నిగనిగలాడే బెండకాయలు, అన్నింటి మీదా అనుమానమే. క్యాలీఫ్లవర్‌ను ఉప్పునీళ్ళలో వేసి పురుగు బయటికొచ్చేదాకా పక్కనే కూర్చునేవాడు. పురుగు రాకపోతే మరింత అనుమానం. "పురుగు సుత తినలేదంటే ఏం కొట్టిన్రో చూడు" అనేవాడు.

పెద్దమ్మకు గుండెలో స్టెంట్ వేసిన తర్వాత ఈ అనుమానాలన్నీ నూనె మీద పడ్డాయి. కూరగాయలు, ఆకుకూరలు ఎక్కువ తినాలని, మంచి నూనె కొంచెం కొంచెంగా వాడాలని, ఒకసారి కాగిన నూనెను మళ్ళీ పొయ్యెక్కించొద్దని దవాఖానలో చెప్పారు. మంచి నూనె అంటే ఏది? దుకాణంలో సీసా మీద ఎర్రటి గుండె బొమ్మ చూసి పెద్దనాన్న అన్న మాట నాకింకా గుర్తుంది. "బొమ్మ అతికిస్తే గుండెకు మంచిదైతదా? గుండె బొమ్మ సిగరెట్ డబ్బా మీద సుత అతికియ్యొచ్చు."

చివరికి సుల్తాన్ బజార్ వెనక గల్లీలో నూనె గానుగ ఒకటి పట్టుకున్నాడు. నువ్వులు, పల్లీలు తనే కొని, తనే చెరిగి, మూటగట్టుకుని వెళ్ళేవాడు. నూనె కారి డబ్బాలో పడేదాకా స్టూలు వేసుకుని కళ్ళార్పకుండా చూసేవాడు. గానుగాయన నవ్వి, "సార్, మధ్యల నేనేమన్న కలుపుతనా?" అంటే, "నువ్వు కలపవు, కానీ నేను చూస్తనే ఉంట" అనేవాడు.

అంత జాగ్రత్తగా తెచ్చిన నూనెను వాడటానికి మాత్రం భయపడ్డాడు. డాక్టరు 'కొంచెం' అన్నది ఆయన చెవిలో 'అసలే వద్దు' అయింది. పెద్దమ్మకు వంటింట్లో స్వతంత్రం పోయింది. సొరకాయ, బీరకాయ, పాలకూర, అన్నీ ఉడికించి ఉప్పు చల్లినవే. నూనె ఎర్రగా పైకి తేలిన గుత్తి వంకాయ అంటే ప్రాణమిచ్చే మనిషి ఆమె. రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. చూస్తుండగానే మెడ ఎముకలు బయటపడ్డాయి. గోలీలు కూడా మింగనని మొండికేసింది. "ఇట్ల బతికి ఏం చేసుడు?" అని ఒక మధ్యాహ్నం మామూలుగా అడిగినట్టు అడిగింది. పెద్దనాన్న ఆ కంచం తన ముందుకు జరుపుకున్నాడు. అదే కంచంలో మిగిలిన చప్పిడి సొరకాయ తను తిని లేచాడు.

ఆ తర్వాతే ఆయన రోజూ పొద్దున సంచీ పట్టుకుని వెళ్ళి, ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. సంచీలో కూరగాయలు ఉండేవి, నిజమే. కానీ చొక్కా నుంచి పోపు వాసన వచ్చేది. పెద్దమ్మ ఆ చొక్కాను నా ముక్కు దగ్గర పెట్టింది. "నాకు నోరు కట్టి, ఆయన మాత్రం బండి కాడ నిలబడి బజ్జీలు తింటున్నడు. జర ఎన్కమర్ల పోయి చూసి రా బిడ్డా" అంది.

ఆదివారం ఆయన వెనకే వెళ్ళాను. మొదట అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య నిలబడి వంటల పుస్తకమొకటి తిరగేశాడు. దాన్నీ నమ్మినట్టు లేదు, పెట్టేశాడు. తర్వాత స్టేషన్ పక్క గల్లీలోకి మళ్ళి, ఒక చిన్న మెస్సు వెనక తలుపులోంచి లోపలికి దూరాడు. నేను తొంగి చూశాను. నడుముకు తువ్వాల చుట్టుకుని, గంటె పట్టుకుని, పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు మా పెద్దనాన్న. చాయ్ పెట్టుకోవడం కూడా రాని మనిషి.

మెస్సు నడిపే ఆమె నన్ను చూసి ఎవరని అడిగింది. చెప్పాక నవ్వింది. నూనె ఏది, ఎన్నిసార్లు కాస్తావు అని రోజూ వచ్చి అడుగుతుంటే, మొదట్లో తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని భయపడిందట. ఇంట్లో సంగతి చెప్పుకున్నాకే, తక్కువ నూనెతో వంట నేర్పడానికి పొయ్యి దగ్గరికి రానిచ్చిందట. పెద్దనాన్న సిగ్గుపడి, "మీ పెద్దమ్మకు చెప్పకు, ఇంక సరిగ్గ కుదర్తలేదు" అన్నాడు. చెప్పకుండా ఎలా ఉంటాను? వెళ్ళి చెప్పాను. ఆమె నమ్మలేదు.

కొన్నాళ్ళకు ఒక రోజు పెద్దమ్మను బయట కూర్చోబెట్టి ఆయన వంటింట్లో చేరాడు. పల్లీలు, నువ్వులు నూనె లేకుండా వేయించి, చింతపండుతో నూరి, లేత వంకాయల్లో కూరాడు. రెండే చెంచాల నువ్వుల నూనె. మూతగా పళ్ళెం పెట్టి, దాంట్లో నీళ్ళు పోసి, సన్నటి మంట మీద మగ్గబెట్టాడు. మాడుతుందేమోనని కూర, నీళ్ళు తగ్గాయేమోనని పళ్ళెం, నిమిషానికోసారి చూశాడు. పెద్దమ్మ మొదటి ముద్ద తిని, ఇది మెస్సు నుంచి తెచ్చిందేనని తేల్చేసింది. రెండో ముద్ద తిన్నాక వేళ్ళతో వంకాయ విప్పి చూసి, "ఉప్పు ఎక్కువైంది. నువ్వే చేసినవ్" అంది. ఆ పూట కంచం జరపలేదు.

అప్పటినుంచి ఆ ఇంట్లో కూరే ఎక్కువ, అన్నం తక్కువ. బీరపొట్టు పచ్చడి, గోరుచిక్కుడు పొడికూర, పెసరపప్పుతో తోటకూర. ఆమెకు పెట్టిందే ఆయనా తినేవాడు. అయినా పెద్దమ్మ అనుమానం పూర్తిగా పోలేదు. "మెస్సుల నేర్చుకునేటప్పుడు రుచి చూడకుంట ఎట్ల ఉంటడు?" అని నన్ను పక్కకు పిలిచి అడిగేది. నాకూ అనుమానమే.

ఆయన పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి వెళ్ళాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి. మేనత్త గారెలు, మిరపకాయ బజ్జీలు చేసుకొచ్చింది. "బతికున్నప్పుడు నోరు కట్టిన్రు, ఇప్పుడన్న తిననియ్యిన్రి" అంది. పెద్దమ్మ ఒక పక్క కొంచెం మెంతికూర పప్పు పెట్టింది. కాకి చాలాసేపు రాలేదు. చివరికి వచ్చిన కాకి నేరుగా బజ్జీని ముక్కున కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ పెద్దమ్మ వైపు చూశారు.

ఆమె ముఖంలో, ఆ మూడు రోజుల్లో మొదటిసారి, నవ్వులాంటిది కదిలింది. "నాకు ఎర్కే" అంది. తర్వాత మేనత్త వైపు తిరిగింది. "వదినా, ఆయనకు షుగర్ లేదు, బీపీ లేదు. డాక్టర్ పథ్యం చెప్పింది నాకు. నేనొక్కదాన్నే చప్పిడి తినాల్నా అని ఆయన తిన్నడు. ఏం లాభమైందని అడిగినవు గద. నేను బతికున్న."

మేనత్త విస్తరి సర్దుతూ తల వంచుకుంది.

నిన్న చాదర్‌ఘాట్‌లోని మా ఇంటి నుంచి పెద్దమ్మను చూడటానికి వెళ్ళాను. ఒక్కతే కూర్చుని తింటోంది. నన్ను కూర్చోమని సైగ చేసి, తొందరేమీ లేకుండా తిన్నది. కంచంలో ఒక్క ఆకు మిగల్చలేదు. తిన్నాక లేవలేదు. కిటికీలోంచి స్టేషన్ అనౌన్స్‌మెంట్లు లీలగా వినబడుతుంటే, కుడిచెయ్యి ఒడిలో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ మీద పాలకూర పచ్చదనం మెల్లగా ఆరిపోతోంది.