నది మధ్య రాయి దాకా

2016లో నేను న్యూజిలాండ్‌లోని తురంగి అనే చిన్న ఊళ్ళో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. అంతకు ముందు ఆక్లండ్ దగ్గర పాపటోయిటోయిలో ఉండేవాళ్ళం. అక్కడ నా దగ్గరికి ఎక్కువగా వేర్‌హౌసుల్లో బరువులెత్తి నడుము పట్టేసినవాళ్ళు వచ్చేవారు. తురంగిలో మాత్రం ఏ పేషెంటుని కదిపినా చేపల మాటే. ఊరి పక్కనే టోంగారిరో నది. ఎక్కడెక్కడి నుంచో మనుషులొచ్చి ఆ గడ్డకట్టించే నీళ్ళలో గంటల తరబడి నిలబడి గాలం వేస్తారు. వచ్చిన కొత్తలో, వీళ్ళకి వేరే పనీపాటా లేదా అనుకునేదాన్ని.

హెలెన్ ఆ నది మీద ఫిషింగ్ గైడుగా బతికిన మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డ వయసు, దిట్టమైన భుజాలు, తక్కువ మాటలు. క్యాన్సర్‌కి కీమో ఇచ్చారు. జబ్బు తగ్గింది గానీ ఆ మందు పాదాల నరాలని దెబ్బతీసింది. దీన్ని న్యూరోపతీ అంటాం. అరికాళ్ళకి స్పర్శ ఉండదు. చెప్పు జారి వెనకబడిపోయినా ఆవిడకి తెలిసేది కాదు.

మా వృత్తిలో మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న, మీకేం కావాలి అని. చాలామంది మెట్లెక్కాలనో, మనవళ్ళతో నడవాలనో అంటారు. హెలెన్ కిటికీలోంచి నది వైపు చూపించింది.

"మధ్యలో ఒక బల్లపరుపు రాయి ఉంది. దాని పక్కన నిలబడి చిన్న చేపలు పట్టాలి. ఒడ్డు మీద కూచుని పట్టే పని నాకొద్దు."

చిన్న చేపలంటే రెయిన్‌బో ట్రౌట్ పిల్లలు. ఎప్పుడో కాలిఫోర్నియా నుంచి గుడ్లుగా తెచ్చి ఇక్కడి నీళ్ళలో వదిలిన స్టీల్‌హెడ్ జాతి సంతానం. ఈక, దారం చుట్టి చేసిన బొమ్మ పురుగుని నీటి మీదికి విసిరి వాటిని పట్టడం, వెంటనే వదిలేయడం. వండుకోరు, ఇంటికి తేరు. పెద్ద చేపలు కస్టమర్ల కోసం, చేపపిల్లలు మాత్రం తన సరదా కోసం అనేది హెలెన్.

నిలబెట్టి, పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూసుకోమన్నాను. రాంబర్గ్ టెస్ట్ అంటాం దీన్ని. ఆవిడ వెంటనే పక్కకి ఒరిగింది, నేను పట్టుకున్నాను. పాదం చెప్పే కబురు మెదడుకి అందనప్పుడు కళ్ళే దిక్కు. నదిలో పాదాలు కనపడవు, పైగా కదిలే నీళ్ళు కళ్ళని కూడా మోసం చేస్తాయి. ఉన్నదున్నట్టు చెప్పాను, ఇది కుదరకపోవచ్చు అని. ఆవిడ అంతా విని, ఎక్కడ మొదలుపెడదాం అంది.

ఫోమ్ మీద నిలబడటం, గులకరాళ్ళు పోసిన ట్రేలో నడవటం, చేతికర్ర ద్వారా నేలని తెలుసుకోవటం. పాదాలు చెప్పలేనిది మోకాళ్ళతో, తుంటితో వినటం నేర్పాను. అన్నిటికంటే నాకు నచ్చింది ఆవిడ నిజాయితీ. ఇంట్లో ఎక్సర్‌సైజులు చేశారా అంటే పేషెంట్లందరూ చేశామనే అంటారు. హెలెన్, "నిన్న చెయ్యలేదు, నా మీద నాకే కోపమొచ్చి పడుకున్నా" అని చెప్పేది. ఎండాకాలం పోయి, చలికాలం పోయి, మళ్ళీ ఎండలొచ్చేసరికి కళ్ళు మూసుకుని కూడా నిలబడగలిగింది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

హెలెన్‌తో పాటు నదిలోకి నేను కూడా దిగుతానన్నప్పుడు మా ఆయన గొడవపెట్టుకున్నాడు. నాది తెనాలి, ఆయనది వరంగల్.

"నీకు ఈతనే రాదు గదా. ఆమెను నువ్వు పట్టుకుంటవా, నిన్ను ఆమె పట్టుకుంటదా?"

 ఆ ప్రశ్నకి జవాబు నదిలోనే దొరికింది.

హెలెన్ తమ్ముడు రాబ్ మాకు దిగువన, మోకాలి లోతులో కాపలా నిలబడ్డాడు. ఇక్కడ నది దాటేవాళ్ళు ఒకరి వీపు మీది సంచి పట్టీ ఒకరు పట్టుకుని, ఒకే మనిషిలా అడుగులేస్తారు. బలమైనవాళ్ళు ఎగువ వైపు ఉండాలి. అది నేనే అనుకుని అటు నిలబడ్డాను. హెలెన్ నన్ను ఎగాదిగా చూసి, మెల్లిగా దిగువ వైపుకి జరిపింది. తర్వాత ఒక నియమం చెప్పింది.

"ఇద్దర్లో ఎవరైనా వెనక్కి అనొచ్చు. రెండోవాళ్ళు ఎందుకని అడగకూడదు."

నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఆవిడ అడుగులు అద్భుతంగా పడుతున్నాయి. కర్ర, కాలు, ఆగి బరువు వెయ్యడం. నేను నేర్పినవన్నీ కళ్ళముందు కనిపిస్తున్నాయి. రాయి ఇంకో నాలుగడుగుల్లో ఉందనగా నేను కిందికి చూశాను. నది అడుగే కదిలిపోతున్నట్టు అనిపించింది. కాలి కింద రాయి దొర్లింది.  ఏడాదిగా ఈవిడ ఎదురుచూసిన చోటు అదిగో, నోరు మూసుకో అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆగలేకపోయాను.

"వెనక్కి" అన్నాను.

హెలెన్ నా ముఖం వైపు చూడలేదు. నిట్టూర్చలేదు. రాయి వైపు కూడా చూడలేదు. నా పట్టీ బిగించి పట్టుకుని, వెనక్కి అడుగు వేసింది. స్పర్శలేని ఆ కాళ్ళే నన్ను ఒడ్డుకి చేర్చాయి.

ఒడ్డున కూలబడి ఏడ్చాను, మీ కోరిక పాడుచేశానని. ఆవిడ ఫ్లాస్కులో టీ పోసి నా చేతికిచ్చింది.

"ఎందుకో చెప్పాలంటే జనం సిగ్గుపడతారు. సిగ్గుపడి ఆలస్యం చేసినవాళ్ళని నేను నీళ్ళలోంచి లాగాను. నువ్వు టైముకి చెప్పావు."

అని, ఒడ్డు వారనే పిక్కల లోతులో నిలబడి గాలం విసిరింది. దారం గాలిలో సాగి, చప్పుడు లేకుండా నీటి మీద వాలింది. కాసేపటికి జానెడు చేపపిల్ల ఎగిరింది, ఒంటి పక్కన వేలిముద్రల్లాంటి మచ్చలతో. చెయ్యి ముందు తడిపి, అప్పుడు దాన్ని ముట్టుకుంది. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి జిగురు పోతుందట. ఇంకా రెండు పట్టి వదిలింది, ఏ లోటూ లేని ముఖంతో.

తర్వాతి వారం రాబ్‌ని పట్టుకుని రాయి చేరింది. నేను ఒడ్డు మీంచి చూశాను. అక్కడ ఎంతసేపు నిలబడిందో, రాబ్‌కే కాళ్ళు పీకాయి. ఆవిడకి కాదు.

మా పనిలో "ఇంకొక్కసారి" అనేది ఊతపదం. పేషెంటు చాలు అంటే ఎందుకని అడుగుతాం, కారణం నచ్చితేనే ఆపుతాం. మంచికే అడుగుతున్నామనుకుంటాం. అలా సంజాయిషీ చెప్పుకోలేక పళ్ళ బిగువున ఓర్చుకున్నవాళ్ళు ఎంతమందో నాకు తెలియదు. హెలెన్ రాయి చేరిన మరునాడు మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన ఒకరు, కాలు వంచుతుంటే "చాలమ్మాయ్" అన్నట్టు చెయ్యెత్తారు. ఎందుకని నేను అడగలేదు. ముందు ఆయన కాలు మెల్లిగా కిందికి దించాను.