పాత రేవు చర్చి వెనక, అమ్మ మరచెంబు

మా చిన్నప్పుడు... కళ్ళాల్లో మిరపకాయలు ఎండి, టిక్కీ బస్తాల్లోకెక్కి గుంటూరు వెళ్ళిపోయాక గానీ వేసవి సెలవులు వచ్చినట్టు ఉండేది కాదు. అప్పుడు అమ్మతో అమ్మమ్మగారి ఊరు... బాపట్ల అవతల, సముద్రం ఒడ్డున పాత రేవు. ఒకప్పుడు ఓడలు ఆగేవట. మేము చూసేనాటికి కూలిన రాతి గోదాములు, దొరల కాలపు చర్చి, దాని వెనక పేర్లు చెరిగిపోయిన సమాధులు మిగిలాయి.

ఒక ఏడాది నాయనమ్మ కూడా బయల్దేరింది. సముద్ర స్నానానికి అంది. అసలు సంగతి వేరు... కోడలు చర్చి దగ్గర కనపడిందని ఎవరో ఆమె చెవిన వేశారు.

బస్సులోనే నాతో గుసగుసగా, "మీ అమ్మ మతం పుచ్చుకుందేమోనే! అదే నిజమైతే ఇక పుట్టిల్లు లేదు, గిట్టిల్లు లేదు. మళ్ళీ ఆ గడప తొక్కనివ్వను" అంది.

అక్కడ నాయనమ్మకి అన్నీ అనుమానమే. అమ్మమ్మ ఇచ్చిన మంచినీళ్ళు వాసన చూసి తాగింది. గోడకున్న క్యాలెండరు ఎత్తి, వెనకేముందో చూసింది.

ఆదివారం పొద్దున్నే అమ్మ కొంగు చాటున మరచెంబు పెట్టుకుని బయటికి నడిచింది.

"చూశావా! అక్కడి నీళ్ళు తెచ్చి మన ఇంట్లో చల్లుద్ది" అని నాయనమ్మ నా రెక్క పట్టుకుని వెనకే బయల్దేరింది.

అమ్మ చర్చి లోపలికి వెళ్ళలేదు. పక్కనుంచి సమాధుల వైపు వెళ్ళి, ప్రహరీ వార కూర్చుంది. చెంబు మూత తిప్పి, ఇసుక మీద పాలు పోసింది.

"ఎవరికే ఆ పాలు?" నాయనమ్మ కేకకి పావురాలు లేచిపోయాయి.

"మీ మనవడికి, అత్తయ్యా."

నాకంటే ముందు ఇక్కడే, అమ్మమ్మగారింట్లో పుట్టి, పురిట్లోనే పోయిన అన్నయ్య... పసిబిడ్డల్ని మావాళ్ళు కాల్చరు, పూడుస్తారు. అప్పుడు తుఫాను. ఊరి శ్మశానం నీళ్ళలో మునిగిపోతే, పాదిరి గారే ఈ మూల చూపించారట.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదు కదత్తయ్యా..."

నాయనమ్మ చుట్టూ ఉన్న శిలువల్ని చూసింది. అక్కడ నిలబడటం ఆమెకి ఇంకా నచ్చలేదని మొహమే చెబుతోంది. అయినా చెప్పులు విడిచింది.

"తల ఎటువైపే?" అని అడిగి, అటుపక్కన కూర్చుంది.

మొన్న సెలవులకి మావారితో వెళ్ళాను. చర్చికి కొత్త రంగులు, బయట చూడవచ్చిన వాళ్ళ కార్లు... సమాధుల వైపు గేటు, దానికి తాళం. వాచ్‌మన్ నా బొట్టు వంకే చూస్తూ, "మీకక్కడేం పనండీ? వీడియోలు తీసి పెడతారా?" అన్నాడు.

"మా అన్నయ్య ఉన్నాడు బాబూ లోపల."

అతనికి అనుమానం ఇంకా ఎక్కువైంది. తాళం తీయలేదు.

గేటు బయటే నిలబడి, అన్నయ్యకి చోటిచ్చిన దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక, నేను వెళ్ళిన సంగతి విని మా వీధిలో ఒకావిడ కూడా అదే అడిగింది... "నీకు చర్చిలో ఏం పనమ్మా?" అని.

ఆ రోజుల్లోనూ అనుమానాలు తక్కువేం కాదు... కానీ అనుమానపడ్డ మనిషే వెంట నడిచి వచ్చి, నోరు తెరిచి అడిగి, పక్కన కూర్చునేది. అలా కూర్చున్న పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉండేవారా? ఉంటే చెప్పండి... వినాలని ఉంది.