నాలుగ్గంటల పావురాలు

బహదూర్‌పురా వాసులందరికీ మిక్కిలి విచారంతో తెలియజేయునది ఏమనగా, మా గల్లీ పావురాలు నాలుగు రోజులుగా పావుగంట ఆలస్యంగా వస్తున్నాయి. ఎందుకు ఆలస్యమో రాసిపెట్టే మనిషి లేడు. పక్కింటి సైన్స్ సార్ మొన్న శుక్రవారం పొద్దున పోయారు.

నేను ఏడో తరగతిలో బడి మానేసి, ఫ్రిజ్‌లు బాగుచేసుకుని బతికేవాణ్ని. సార్ సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మా రెండు మిద్దెల మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. రోజూ మూడున్నరకు ఆయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని ఆకాశం చూసేవారు. ప్రతి పేజీకీ మధ్యలో గీత. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’.

"గా రెండు కలిపి రాస్తే ఏమైతది సార్?"

"గట్ల కలిపే మస్తు ఏండ్లు ఖరాబైనయ్ తమ్మీ."

వెనకట జనం కుక్క తెలివి, కోతి దుఃఖం అని కథలు చెప్పుకుని అదే శాస్త్రం అనుకునేవారట. తర్వాత కొందరు కథలు వద్దని జంతువుల్ని పెట్టెల్లో పెట్టి, మీట నొక్కితే తిండి పెట్టి లెక్క రాశారట. ఇంకొందరు పెట్టెలూ వద్దని, అవి బతికే చోటికే పోయి నెలల తరబడి కూర్చున్నారట.

"కూసుంటే సైన్స్ అయితదా సార్? మా బావమరిది పదేండ్ల సంది కూసునే ఉన్నడు."

"మీ బావమరిది రాసుకుంటలేడు గద."

రోజూ నాలుగింటికి మిద్దె మూలన గింజలకు పావురాలు దిగేవి. సార్ పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. నాలుగైందని పావురాలకు ఎట్లా తెలుస్తుంది? నేనూ ఒకప్పుడు పావురాలు ఎగరేసినవాణ్నే. మా వైపు వాటిని కిందికి దింపాలంటే జొన్నల డబ్బా గలగలలాడిస్తారు. సార్‌కి కొంచెం చెవుడు. నేను గోడ చాటున వంగి డబ్బా ఆడించేవాణ్ని. ఒకరోజు నాలుగుకు పది నిమిషాల ముందు, ఇంకోరోజు ఇరవై నిమిషాల తర్వాత.

"ఏందో తమ్మీ, ఇయ్యాల ముందే దిగినయ్. ఎండ మారిందా?"

"నాకేమెరుక సార్. వాటి గడియారం సెల్ అయిపోయిందేమో."

ఒకసారి చాయ్ తాగుతూ గుర్రం సంగతి చెప్పారు. ఏదో దేశంలో ఒక గుర్రం లెక్కలు చేసేదట. రెండూ మూడూ ఎంతంటే ఐదుసార్లు డెక్క కొట్టేదట. జనం ఎగబడి చూశారట. చివరికి ఒకాయన కనిపెట్టాడు. జవాబు అడిగినవాడికే తెలియకపోతే గుర్రానికీ తెలియదు. అది చూసింది లెక్కను కాదు, అడిగే మనిషి మొహాన్ని.

"అయితే దగా చేసింది గుర్రమా, మనిషా?"

"ఎవ్వరు చెయ్యలే. ఎవ్వరు ఎవ్వర్ని చూస్తున్నరో సమజ్ కాలే, గంతే."

ఆ మాట నన్ను చూసి అన్నారో, చాయ్‌ని చూసి అన్నారో నాకు ఇప్పటికీ తేలలేదు.

చివరి ఆదివారం సార్ మంచం పక్కన కూర్చుని డబ్బా సంగతి మొత్తం చెప్పేశాను. సార్ పక్కున నవ్వి "బద్మాష్" అన్నారు.

ఆయన పోయిన మూడో రోజు సార్ భార్య నోట్‌బుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకే ఇయ్యమన్నరు నాయనా."

"నాకా అమ్మా? నాకు చదువుడే సక్కగ రాదు."

"గదే అడిగిన. నీకు తప్ప ఎవ్వరికి సమజ్ కాదు అన్నరు."

తెరిచాను. ఎడమవైపు ఇట్లా ఉంది: ‘నాలుగుకు పది నిమిషాలు తక్కువ. పక్కింటాయన గోడ చాటున వంగాడు. కుడి భుజం ఊగింది. పావురాలు దిగాయి.’ అట్లాంటివి పేజీల కొద్దీ ఉన్నాయి. మిగతా రోజులన్నిటికీ కుడివైపు ఏదో ఒకటి రాశారు. ఎండ, గాలి, ఆకలి. నేను వంగిన రోజులకు కుడివైపు ఖాళీ.

తెలిసే కూర్చున్నారా? కోపం వచ్చిందా, తమాషాగా ఉందా? తెలిస్తే ఎండ మారిందా అని నన్నెందుకు అడిగారు? ఆయన ఇన్నాళ్లూ చూసింది పావురాలనా, నన్నా? నాకొక్కడికే సమజ్ అవుతుందన్నది నాకేమీ సమజ్ కావడం లేదు.

సార్ లాగే గీత గీసి చెప్తాను. పావురాలు ఆలస్యంగా వస్తున్నాయన్నది కల్పించాను. సార్ పోయాక నిన్నటిదాకా నేను మిద్దే ఎక్కలేదు. చివరి ఆదివారం చెప్పేశానన్నదీ కల్పించిందే. మంచం పక్కన కూర్చున్నది నిజం. డబ్బా మాట ఎత్తకుండానే లేచి వచ్చేశాను. ఆ నవ్వు, ఆ ‘బద్మాష్’ నాకు నేను పెట్టుకున్నవి. మిగతాదంతా చూసింది.

ఇవాళ నాలుగింటికి డబ్బా లేకుండా ఎక్కాను. సార్ కుర్చీ అక్కడే ఉంది. పావురాలు వచ్చి గోడ మీద వరసగా దిగాయి. గింజలు పడే మూలకు పోలేదు. నా కుడి భుజం వంకే చూస్తూ కూర్చున్నాయి.